ఇల్లాలి వీలునామా

ఈ మాసము మేము ముచ్చటింపబూనిన విషయము పండుగపూట చదువదగినది కాదు. శుక్రవారమునాడు పత్రిక చేతికందిన సోదరీమణులు కావలసినచో ఈ పుటలను మరునాటికి దాచుకొనవచ్చును. చదువుట మాత్రము మానవలదని మా మనవి.

మేముండునది హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ. ఒకవైపున అమీరుపేటలో సారథి స్టూడియో, మరియొకవైపున అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియో, ఆ పైన జూబ్లీహిల్సు, ఫిల్మునగరు. తెలుగు చిత్రపరిశ్రమ మదరాసు విడచి యిటు తరలివచ్చినప్పటినుండి మా వీధులలో సినిమావారి కాపురములు పెరిగినవి. వీరందరు తారలని తలపవలదు. తారలను చూపువారే యెక్కువ. కెమెరా పట్టువారు, చిత్రమును కూర్చువారు, పాటలు వ్రాయువారు, దుస్తులు కుట్టువారు. వీరి రాబడికి ఒకటవ తారీఖు అనునది లేదు. చిత్రము ఆడిన యేడు ఫ్లాటు కొందురు, ఆడని యేడు దాని దస్తావేజులు కుదువబెట్టుదురు. ఆ కాగితము లెక్కడ నున్నవో ఆ యింట ఒక్కరికే తెలిసియుండును.

గడచిన కార్తికములో మా పొరుగింటాయన, కెమెరా పనివారు, షూటింగునకై పైయూరికి పోయి అచ్చటనే గుండె ఆగి మరణించిరి. ఏబది యేండ్లైనను నిండలేదు. కర్మకాండ ముగిసి బంధువులు వెళ్లిపోయిన పిమ్మట ఆ యిల్లాలు మమ్ము పిలిపించి బీరువా తెరచినది. అందులో రెండు బ్యాంకు పుస్తకములు, వానిలో ఒకటి ఎప్పుడో మూసివేసిన ఖాతాది. ఒక బీమా పాలసీ, అందు నామినీగా వ్రాయబడినది ఆయన తల్లి, ఆమె గతించి ఆరేండ్లైనది. ఒక చీటీల పుస్తకము. ఫ్లాటు దస్తావేజునకు నకలు మాత్రమే కలదు, అసలు లేదు. అన్నిటికంటె అడుగున ఒక తాకట్టు రసీదు. తన వడ్డాణము లాకరులో నున్నదని ఆమె అంతవరకు అనుకొనుచుండెను.

ఆయన చేతిఫోను బల్లమీద నున్నది. దాని తాళపు అంకె ఎవరికిని తెలియదు. బ్యాంకువారి వర్తమానములన్నియు దానికే వచ్చును.

"పిన్నిగారూ, ఆయన ఎవరికి బాకీయో, ఆయనకు ఎవరు బాకీయో అంతయు దీనికే తెలుసును. అదేమో నోరు విప్పదు" అని ఆమె కన్నీటినడుమనే నవ్వినది. పిదప కొంతసేపటికి, "నేనైనను నా పిల్లలకోసము ఏదో వ్రాసిపెట్టవలెను. కాని వ్రాయుటకు నాకేమున్నది?" అని యడిగినది.

ఈ వ్యాసము ఆ ప్రశ్ననుండి పుట్టినది.

నాకేమున్నది యని అనని ఇల్లాలు మన దేశమున అరుదు. ఒంటిమీది బంగారము, పుట్టింటివారు పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన ఎకరము, జంటపేరుమీద నున్న ఫ్లాటులో సగము, జీతపు ఖాతా, భవిష్యనిధి, చీటీపాట, ఫిక్సెడ్ డిపాజిట్టు, ఇవి యన్నియు ఉండియు ఆమె తనకేమియు లేదనును. ఉన్నది మావారిదే యను మాట మన నోట అలవాటైపోయినది. పూర్వము ఆ మాటలో కొంత నిజముండెను. 1937 నాటి చట్టము బ్రిటిషు ఇండియాలో విధవకు భర్త ఆస్తిలో భాగము నిచ్చినను, అనుభవించుటకే గాని అమ్ముటకు గాని వ్రాసియిచ్చుటకు గాని అధికారము నీయలేదు. 1956 నాటి హిందూ వారసత్వపు చట్టము 14వ సెక్షను ఆ బంధము తెంచి, స్త్రీకి చెందిన ఆస్తి ఆమెకే సర్వహక్కులతో చెందునన్నది. భరణముక్రింద లభించిన ఆస్తియు సంపూర్ణముగా స్త్రీదే యని సుప్రీంకోర్టు 1977లో తీర్పిచ్చినది మన తెలుగు విధవ తులశమ్మగారి వ్యాజ్యములోనే. ఇక పిత్రార్జితములో కూతురికి కుమారునితో సమానభాగమను శాసనమును దేశమంతటికంటె ముందుగా చేసిన కొద్ది రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారు, మా ఫిల్మునగరమువారు గర్వముతో చెప్పుకొను నటుడే. ఆ సవరణ 1985 సెప్టెంబరునుండి అమలైనది. 2005లో దేశమంతటికిని అదే హక్కు వచ్చినది.

ఇన్ని విధముల ఆస్తి చేతికి వచ్చినది గదా, ఆమె తదనంతరము అది ఎవరికి పోవును? ఇచ్చటనే మన సోదరీమణులలో పెక్కుమందికి తెలియని సంగతి యున్నది.

వీలునామా లేక హిందూ స్త్రీ మరణించినచో 1956 చట్టము 15వ సెక్షను ప్రకారము ఆమె ఆస్తి మొదట కొడుకులకు, కూతుండ్రకు, భర్తకు సమానముగా చెందును. అంతవరకు బాగుగనే యున్నది. పిల్లలును భర్తయును లేనప్పుడు? తల్లికిని తండ్రికిని పోవునని మన మనుకొందుము. కాదు. రెండవ వరుసలో నున్నవారు భర్తయొక్క వారసులు. అత్తగారు, వారు లేనిచో బావలు, మరదులు, ఆడబిడ్డలు, ఆడబిడ్డల పిల్లలు. వారిలో ఒక్కరైనను లేనప్పుడే కన్నతల్లిదండ్రులవంతు వచ్చును. తల్లిదండ్రులనుండి వారసత్వముగా సంక్రమించిన ఆస్తికి మాత్రము మినహాయింపు కలదు, అది సంతానము లేనిచో తండ్రి వారసులకు మరలిపోవును. ఆ మినహాయింపులోను ఒక చిక్కున్నది. చట్టము వాడిన మాట వారసత్వము. పెండ్లినాడు పసుపు కుంకుమలకని దానపత్రము వ్రాసి యిచ్చిన పొలము ఆ మాటక్రిందికి రాదని న్యాయస్థానములు వ్యాఖ్యానించినవి. అనగా తండ్రి ప్రేమతో వ్రాసియిచ్చిన ఎకరము కూతురు నిస్సంతుగా పోయినచో ఆమె భర్తవైపువారిని చేరును.

ఇది కాగితముమీది మాట మాత్రము కాదు. నారాయణీదేవి యను నామె 1955లో వివాహమాడినది. మూడు నెలలైనను గడువకముందే భర్త మరణించెను. అత్తవారు ఆమెను ఇల్లు వెడలగొట్టిరి. పుట్టింటివారు చేరదీసి చదువు చెప్పించిరి. ఆమె ఉద్యోగము సంపాదించి, నలువదియేండ్లు తన కష్టముమీద బ్రతికి, బ్యాంకులోను భవిష్యనిధిలోను సొమ్ము మిగిల్చి 1996 జూలైలో వీలునామా లేకయే కన్నుమూసినది. కన్నతల్లి ఆ సొమ్ముకై కోర్టుకు పోయినది. భర్త సోదరి కుమారులు ఎదురునిలిచిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు నడచినది. 2009 మే నెలలో వచ్చిన తీర్పు ఆడబిడ్డ కొడుకులకే అనుకూలమైనది. సానుభూతినిబట్టి చట్టమును మార్చి చదువలేమని న్యాయమూర్తులు చెప్పిరి. మూడు నెలల కాపురము నలువది యేండ్ల సంపాదనను లాగికొనిపోయినది. అడ్డుకొనుటకు ఒక కాగితము చాలియుండెడిది. ఆ విద్యావతికి దాని యవసరము తట్టకపోయెను, మనకు తట్టనట్లే.

ఈ సెక్షనును మార్చవలెనని పెక్కేండ్లుగా వాదములు జరుగుచున్నవి. మార్పు వచ్చువరకు ఏమి చేయవలెననుటకు సుప్రీంకోర్టే 2025 నవంబరులో సమాధానము చెప్పినది. స్త్రీలందరును, ముఖ్యముగా హిందూ స్త్రీలు, ఆలసింపక వీలునామా వ్రాసికొనవలెనని ఆ న్యాయస్థానము విజ్ఞప్తి చేసినది. న్యాయస్థానములు తీర్పు చెప్పుటయే గాని బ్రతిమాలుట యరుదు. కావున ఆ మాటను మేము ప్రత్యేకముగా గుర్తు పెట్టుకొంటిమి.

అకస్మాత్తుగా వచ్చు ఆపదకు వరుస యుండదు. పెద్దలు ముందు, పిన్నలు తరువాత అను లెక్క వరదకు తెలియదు, వాహనప్రమాదమునకు తెలియదు. కోవిడ్ దినములలో భార్యాభర్త లిరువురును కొద్ది దినముల తేడాతో పోయిన సంసారములు మన యెరుకలోనే యున్నవి. అట్టి ఒక యువదంపతుల ఆస్తికై అతని తల్లియు ఆమె తల్లియు తగవులాడుచున్నారని పై విషయమై వాదములు జరుగునప్పుడు సుప్రీంకోర్టు ముందు ప్రస్తావన వచ్చినది. భార్యాభర్త లొకే ప్రమాదములో గతించి, ఎవరు ముందో ఎవరు వెనుకో తేలనప్పుడు, చిన్నవారే పెద్దవారికంటె తరువాత మరణించినట్లు భావింపవలెనని వారసత్వపు చట్టము 21వ సెక్షను చెప్పుచున్నది. సామాన్యముగా భార్యయే చిన్నది. లెక్క చూడుడు. పిల్లలు లేరనుకొందము. భర్త ఆస్తిలో సగము అతని తల్లికి, సగము భార్యకు వచ్చును. ఆ భార్యయు మరుక్షణమే గతించినది గనుక, భర్తనుండి వచ్చిన ఆ సగము భర్త వారసులకు మరలిపోవును. ఆమె సొంత సంపాదనయు రెండవ వరుస ప్రకారము వారికే పోవును. అత్తగారికి సర్వమును, కన్నతల్లికి శూన్యమును మిగులును. ఆ అత్తగారిది తప్పని మేమనము. ఆమెయు కొడుకును పోగొట్టుకొన్న తల్లియే. ఇరువురు తల్లులను కోర్టు మెట్లెక్కించునది ఆ దంపతులు వ్రాయని కాగితము.

వీలునామా యున్నంతమాత్రమున చాలునా యని మీరడుగవచ్చును. చాలదు. సౌందర్యగారిని మరువని తెలుగు ఇల్లు లేదు. 2004 ఏప్రిల్ 17న కరీంనగరులో ఎన్నికల సభకై బెంగుళూరునుండి బయలుదేరిన చిన్న విమానము ఎగిరిన కొద్ది క్షణములకే కూలి ఆమెయు, ఆమె సోదరుడును, తక్కిన యిద్దరును దగ్ధమైరి. తరువాత ఆమె వ్రాసినదనబడిన ఒక వీలునామా పుట్టించిన వివాదము కుటుంబీకుల నడుమ బెంగుళూరు కోర్టులలో పెక్కేండ్లు నడచి రాజీతో ముగిసినది. అందులో ఎవరిది న్యాయమని విచారించుట మా పని కాదు. వీలునామా సంశయమునకు తావీయని విధముగా వ్రాయబడవలెను, దాచిన చోటు ఇంటివారిలో ఒక్కరికంటె ఎక్కువమందికి తెలియవలెను. మాకు కావలసినది ఆ మాత్రమే.

ఎట్లు వ్రాయవలెనో మేము మా యెరిగినంత చెప్పెదము. స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్లకాగితము చాలును. భాష తెలుగైనను చెల్లును. పదునెనిమిదేండ్లు నిండి మనస్సు స్థిమితముగా నున్న ఏ స్త్రీయైనను, పెండ్లియైనదైనను కానిదైనను, తన ఆస్తినిగూర్చి వ్రాయవచ్చును. భర్త యనుమతి అవసరము లేదు. ఈ మాటను మేము మరియొకమారు వ్రాయవలెనని యున్నది గాని సంపాదకులు కొట్టివేయుదురు. తాను చూచుచుండగా ఇద్దరు సాక్షులు సంతకములు చేయవలెను, ఆమె సంతకమును వారు చూడవలెను. లాభము పొందువారిని సాక్షులుగా పెట్టకుండుట వివేకము. సాక్షులు తనకంటె చిన్నవారుగాను, నిలుకడగా నొకచోట నుండువారుగాను ఉండుట మేలు, ఏలయన రేపు కోర్టులో వారిలో నొకరు వచ్చి చెప్పవలసియుండును. వయస్సు మీరినవారు ఆ దినమే వైద్యునిచేత మనస్సు స్వస్థముగా నున్నదని వ్రాయించి జతపరచినచో పిదప వాదమునకు సందు తక్కువ.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కాని చేయించుట మంచిదని మా యభిప్రాయము. సబురిజిస్ట్రారు కార్యాలయములో చేయించిన వీలునామా పోయినను నకలు దొరకును. రహస్యముగా నుంచదలచినవారు ముద్రవేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారువద్ద దాఖలు చేయుటకును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమున వీలున్నది, మరణానంతరము దరఖాస్తు పెట్టినప్పుడే దానిని తెరతురు. ఒకసారి వ్రాసినది శిలాశాసనము కాదు. బ్రతికినన్నాళ్లు ఎన్నిమారులైనను మార్చవచ్చును, రద్దుచేయవచ్చును. కోడలిమీద కోపము వచ్చినప్పుడెల్ల మార్చువారిని మే మెరుగుదుము. అది వేరు సంగతి. చివరిది చెల్లును గనుక ప్రతిదానిమీదను తేదీ స్పష్టముగా నుండవలెను, ముందువి రద్దైనవని వ్రాయవలెను.

ఆస్తిని వర్ణించుటలో మన స్త్రీలకున్న శ్రద్ధ ప్లీడరులకు లేదు. "నా బంగారమంతయు" అని వ్రాసిన వీలునామా తగవులకు మూలము. కాసులపేరు ఎన్ని కాసులది, చంద్రహారము ఎన్ని తులములది, ఏ లాకరులో నున్నది, ఎవరికి, అని వ్రాయవలెను. ఇచ్చువారు ముందే గతించినచో ఎవరికి పోవలెనో రెండవ పేరును వ్రాయవలెను. "నా భర్త నాకంటె ముందుగాని నాతోపాటుగాని గతించినచో" అను ఆ చిన్న వాక్యము పైన చెప్పిన లెక్కను తలక్రిందులు చేయగలదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో తన భాగమును మాత్రమే వ్రాయగలదు. ఇవన్నియు అమలుజరుపుటకు నమ్మకస్తు నొకనిని నియమించుట మంచిది.

మా పాఠకురాండ్రలో అన్ని మతములవారును కలరు. ముస్లిము సోదరీమణులు తమ ఆస్తిలో మూడవవంతుకు మించి వీలునామాద్వారా ఇచ్చుటకుగాని, వారసులలో ఒకరికి వేరుగా నిచ్చుటకుగాని, సామాన్యముగా తక్కిన వారసుల సమ్మతి కావలెను. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వపు చట్టము వర్తించును. పెండ్లికి ముందు వ్రాసిన వీలునామా పెండ్లితో రద్దగునని వారు గుర్తుంచుకొనవలెను. హిందువులకు ఆ నియమము లేదు.

నామినీని గూర్చి రెండు మాటలు. బ్యాంకులో నామినీ పేరు వ్రాసితిమి గనుక వీలునామాతో పనిలేదనుకొనుట పెద్ద పొరపాటు. నామినీ యనగా సొమ్మును అందుకొను చేయి, అనుభవించు హక్కు కాదు. వాటాల విషయములోను ఇదే మాటను సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో స్థిరపరచినది. బీమాకు మాత్రము 2015 సవరణ తరువాత తల్లిదండ్రులనో, భార్యనో, భర్తనో, పిల్లలనో నామినీగా వ్రాసినచో ఆ సొమ్ము వారిదే యగును. 2025 నవంబరు 1నుండి బ్యాంకుఖాతాకు నలుగురివరకు నామినీలను వ్రాయవచ్చును, ఎవరికెంత భాగమో చెప్పవచ్చును. నామినీని వ్రాయుట మానవలదు. అది సొమ్మును త్వరగా చేతికి తెచ్చును. వీలునామాలోని పేరును నామినీ పేరును ఒకటైనచో మరియు సుఖము. మా పొరుగింటి బీమావలె గతించినవారి పేరు మిగిలిపోకుండ ఏటికొకమారు తీసి చూడవలెను. మేము సంక్రాంతి ముగ్గులనాడు చూతుము. మీకు వేరొక దినము తోచవచ్చును.

మరణముకంటె కఠినమైన ఆపద ఒకటి కలదు. మహానటి సావిత్రిగారు 1980లో స్పృహ తప్పి, పందొమ్మిది నెలలు ఆ స్థితిలోనే యుండి, 1981 డిసెంబరు 26న మదరాసులో కన్నుమూసిరి. ఆమె సంపదయంతయు అంతకుముందే ఎట్లు కరగిపోయెనో తెలుగువారికి మేము చెప్పనక్కరలేదు. మేము తలచునది ఆ పందొమ్మిది నెలలను. వీలునామా మరణించిననాడు గాని ప్రాణము పోసికొనదు. స్పృహలేక మంచముపట్టినవారికి అది ఉపయోగపడదు. ముందు వ్రాసియిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ పనికివచ్చుననుకొందుము. మన కాంట్రాక్టు చట్టము ప్రకారము వ్రాసినవారి మనస్సు పనిచేయుట మానినచో ఆ అధికారమును పోవును. అట్టి రోగి ఖాతానుండి వైద్యమునకు సొమ్ము తీయుటకు భార్యలు ఉన్నత న్యాయస్థానమునకు పోయి సంరక్షకులుగా నియమింపబడవలసి వచ్చుచున్నది. కనుక ఇంటిఖర్చుకును వైద్యమునకును సరిపడు సొమ్మునైనను ఇద్దరిలో ఎవరైనను తీయదగిన ఉమ్మడి ఖాతాలో నుంచుకొనుట అవసరము. కోలుకొనుట అసంభవమైనప్పుడు యంత్రములతో ప్రాణము నిలుపవలెనా వలదా యనునదియు ముందుగా వ్రాసిపెట్టవచ్చునని సుప్రీంకోర్టు 2018 మార్చిలో చెప్పి, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభము చేసినది. ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసి నోటరీచేతగాని గెజిటెడు అధికారిచేతగాని ధ్రువీకరింపజేసిన చాలును. ఆసుపత్రి వరండాలో నిలిచి ఈ నిర్ణయము చేయవలసిన భారము పిల్లలమీద పడకుండుటకు ఇంతకంటె మార్గము మాకు తోచలేదు.

మా కాలనీవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన ఆస్తి ఒకటి కలదు. అది బీరువాలో కనబడదు. పాటలు వ్రాసినవారికిని స్వరపరచినవారికిని 2012లో కాపీరైటు చట్టమునకు వచ్చిన సవరణ ఒక మేలు చేసినది. ఆ పాటను సినిమాహాలులో చిత్రముతోపాటు కాక వేరేచోట వాడుకొన్నప్పుడు వచ్చు రాయల్టీలో వారి భాగమును వదలుకొనునట్లు వ్రాయించుకొన్నను అది చెల్లదు. వారసులకో, రాయల్టీ వసూలుచేయు సంఘమునకో తప్ప వేరెవరికిని ఆ హక్కు నిచ్చుటకు వీలులేదు. పాటలోని మాటలమీది హక్కు కవి మరణించిన పిమ్మట ఇంకను అరువది యేండ్లు నిలుచును. కవిగారి భార్య, కూతురు, మనుమరాలు మువ్వురును అనుభవింపదగిన ఆస్తి యన్నమాట. అయినను ఆయన యే చిత్రములకు ఎన్ని పాటలు వ్రాసెనో పట్టిక లేని యిండ్లు మా వీధిలోనే యున్నవి. ఆయన చేత కలమున్నప్పుడే ఆ పట్టిక వ్రాయించుకొనుడు. కవులు బద్ధకస్తులు గనుక, మీరే అడిగి వ్రాసికొనుట మేలు.

ఇక కాగితములు. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వానలలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరును ముంచినప్పుడు, ఇండ్లలోని సరకులతోపాటు దస్తావేజులును తడిసిపోయినవి. బియ్యము మరల కొనవచ్చును. రిజిస్టరైన దస్తావేజునకు సబురిజిస్ట్రారువద్ద ధ్రువీకరించిన నకలును తీసికొనవచ్చును. దానికి దస్తావేజు నంబరు, సంవత్సరము, కార్యాలయము పేరు తెలిసియున్నచో పని త్వరగా నగును. కాబట్టి ఒక చిన్న పుస్తకములో ఈ అంకెలను, బ్యాంకు పేర్లను, పాలసీ నంబరులను, చీటీల వివరములను, ఇచ్చిన అప్పులను, తెచ్చిన అప్పులను వ్రాసి, ఒక ప్రతిని వేరే యూరిలోని అక్కగారింటనో అన్నగారింటనో ఉంచుడు. ఫోను తాళపు అంకెను ఆ పుస్తకములో వ్రాయక, ముద్రవేసిన వేరొక కవరులో పెట్టి నమ్మినవారి కిండు. వరదలో కొట్టుకొనిపోయి దేహము దొరకనివారి విషయములో సామాన్యముగా ఏడేండ్లు ఏ వార్తయు లేకున్న గాని మరణించినట్లు చట్టము భావింపదు. ఆ యేడేండ్లు ఇల్లు నడువవలెను గదా. ఉమ్మడి ఖాతా అప్పుడును అక్కరకు వచ్చును.

మా పొరుగింటి ఆమె సంగతి చెప్పుట మరచితిమి. ఆమెకు డిగ్రీ చదువు కూతురు, పదునాలుగేండ్ల కొడుకు కలరు. ఆమె తల్లి, డెబ్బదియేండ్ల వృద్ధురాలు, ఆమెవద్దనే యుండును. చట్టము ప్రకారము ఆమె వారసులు పిల్లలిద్దరే, తల్లికి చిల్లిగవ్వయు రాదు. కావున ఫ్లాటు పిల్లలిద్దరికి సమానమనియు, తల్లి జీవించినంతకాలము అందులో తూర్పువైపు గదిలో ఉండు హక్కు ఆమెకు కలదనియు వ్రాయించినది. కొడుకు మైనరు గనుక తన తదనంతరము అతనికి సంరక్షకురాలుగా తన చెల్లెలిని నియమించినది. తండ్రి లేనప్పుడు తల్లికి ఆ అధికారము 1956 నాటి మైనారిటీ చట్టముననే యున్నది. చెల్లెలిని ముందుగా అడిగి ఒప్పించినది, అడుగక వ్రాయుట అన్యాయమని. తాకట్టునుండి విడిపించిన వడ్డాణము కూతురికని వ్రాసినది.

కాసులపేరు దగ్గర కలము ఆగినది. అది అత్తగారు పెండ్లినాడు తన మెడలో వేసినది. కొడుకునకు రాబోవు భార్యకు ఇచ్చుట న్యాయమని ఆమె యనును. ఆ పిల్ల యెవరో, ఎట్టిదో తెలియకయే ఎట్లు వ్రాయుదువని తల్లి గదిలోనుండి కేకవేసినది. సాక్షులుగా వచ్చిన పైయంతస్తు మాష్టారుగారును, వారి తమ్ముడును రెండవమారు కాఫీ త్రాగుచు కూర్చుండిరి. చివరకు కొడుకు పేరనే వ్రాసి, పెండ్లినాడు అతని చేతికీయవలెనని చెల్లెలికి ఆజ్ఞ వ్రాసినది. మాష్టారుగారు కండ్లజోడు సవరించుకొని తేదీ యెంతయని యడిగిరి.